గాలికి వీపు పెట్టి

జువ్వలదిన్నె రేవు దాటి సముద్రం మీదికి వచ్చాక, రోజారమణి ఒక్కతే నడుపుతున్న చిన్న శిక్షణ విమానం రెండుసార్లు దగ్గింది, ఇంజన్ ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేసి చూసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముందున్న పంకా కదలక నిలబడిపోయింది. ఆ వెంటనే కమ్ముకున్న నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే, భయపడాలన్న సంగతే ఆమె మరిచిపోయింది. రెక్కల కింద గాలి సన్నగా జోల పాడుతోంది. కింద నీళ్లు సాయంత్రపు ఎండలో కునుకు తీస్తున్నాయి. చిన్నప్పుడు నాయన గంగాధరం పడవలో, వలల కుప్ప మీద వెల్లకిలా పడుకుని మబ్బులు చూసినట్టే ఉంది.

ఆ మైకంలో చేతులు తమ పని తాము చేసేశాయి. నడిసముద్రంలో పడవ ఇంజన్ ఆగితే ముక్కును గాలికి ఎదురు పెట్టాలి, లేదంటే అల పక్కనుంచి కొట్టి బోల్తా వేస్తుంది. రేవులో పుట్టిన బిడ్డకు ఎవరూ గుర్తుచేయక్కర్లేని పాఠం అది. విమానం మెల్లగా సముద్రపు గాలికి ఎదురు తిరిగింది.

కాసేపటికి ఒడ్డు కోసం చూస్తే, ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ లేవు. ఒడ్డు వీపు వెనక ఉంది. ఎత్తు కరిగిపోతోంది.

"నా మతి మండా!" అనుకుని గిర్రున వెనక్కి తిప్పింది. ఆ తిప్పడంలో ఇంకొంత ఎత్తు పోయింది. సరుగుడు తోపులు సన్నని గీతలా ఎక్కడో ఉన్నాయి. ముక్కు కాస్త పైకెత్తితే అందుకోవచ్చేమో అని కంట్రోల్ కర్రను వెనక్కి లాగింది. మాయదారి ఆశ అది. ఎత్తితే వేగం చచ్చి, విమానం రాయిలా పడుతుంది. "దూరం కావాలంటే వేగం ముల్లును చూడమ్మా, ఒడ్డును కాదు," అని విమానం నడపడం నేర్పిన చంద్రమౌళి గారు గొంతు పోయేలా చెప్పేవారు.

పళ్లు బిగించి ముక్కు దించింది. ముల్లు ఆయన చెప్పిన అరవై ఐదు దగ్గర కుదురుకుంది. ఇందాక అడ్డుపడిన గాలే ఇప్పుడు వీపు మీద చేయి వేసి నెడుతోంది. అలలు, నురగ, చివరికి తడి ఇసుక. చక్రాలు గీరుకుంటూ పోయి ఆగాయి.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న గంగాధరం లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఒడ్డు ఇట్టుంటే అట్టా సముద్రంలోకి పోతివేందమ్మా?"

"నువ్వు నేర్పిందే చేసినా నాయనా. గాలికి ఎదురు పెట్టినా," అంటూనే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన కూతురి తల మీద చేయి పెట్టాడు.

"అది మునక్కుండా ఉండేదానికి నేర్పినానమ్మా," అన్నాడు. "ఇల్లు చేరేదానికి కాదు."