పక్క గదికి పాకుడు కథ

ఆ సెలవుల్లో ఇంట్లో అక్క, బావ, బావ వాళ్ళమ్మ, నేను ఉన్నాం. బాబో పాపో, అక్క కడుపులో ఉన్నవాళ్ళని కూడా లెక్కలో వేద్దామంటే బావ వాళ్ళమ్మ ఒప్పుకోదు. "బయటికొచ్చి గుక్కపెట్టి ఏడ్చాక లెక్కపెడదాంలే" అంటుంది. ఆవిణ్ణి నేను అత్తయ్య అని పిలుస్తాను. పోయినసారి జరిగినదాని తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఏదీ ముందుగా అనరు. ఒక్క చిన్న గౌను కూడా కొనలేదు.

మా ఊరి బడికి సెలవులిచ్చాక నన్ను అక్కకి తోడుగా పంపారు. డాక్టరమ్మ అక్కని మంచం దిగొద్దంది. బీపీ పెరక్కూడదు, భయం, కంగారు ఉండకూడదు, కంటినిండా నిద్రపోవాలి. అన్నిట్లోకీ నిద్రే కష్టం. పోయినసారి ఎనిమిదో నెలలో అక్క ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి లోపల కదలిక ఆగిపోయి ఉంది. నిద్రకీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎంత చెప్పినా అక్క మనసుకి ఎక్కలేదు. కన్ను మూతపడగానే ఎవరో పిలిచినట్టు లేచి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపలివాళ్ళు ఒక్కసారి తన్నేదాకా అలాగే కూర్చుంటుంది.

నేను వచ్చిన వారమే టీవీలో ఆ సీరియల్ మొదలైంది. అక్కా బావా పిచ్చిగా ఇష్టపడే పాత సినిమా ఒకటుంది. ఎక్కడో మనుషులు లేని లోకంలో ఉప్పు తవ్వే స్టేషన్. దాని గోడల మీద పాకుడులా పెరిగే ఒక జీవి. మనుషులు మెలకువగా ఉన్నంతసేపూ అది ఊరికే గోడకి అంటుకుని ఉంటుంది. నిద్రపోతే మాత్రం ఊపిరి వెంట లోపలికి వెళ్ళిపోతుంది. ఇంట్లో అందరూ దాన్ని పాకుడనే అంటారు. ఆ సినిమాకి ముందు ఆ స్టేషన్లో ఉన్న ఏడుగురికి ఏం జరిగిందన్నది ఈ కొత్త సీరియల్. అక్క కళ్ళద్దాల షాపులో పనిచేసేది. లిఫ్టులు బాగుచేసే బావ అద్దాలు మార్చుకోవడానికి వెళ్ళి ఆ సినిమా గురించి అక్కతో వాదన పెట్టుకున్నాడట. వాదన తేలక పెళ్ళి చేసుకున్నారట. నేను మాత్రం ఆ సినిమా చూడలేదు. మా ఇంట్లో అలాంటివి పెట్టనివ్వరు.

అక్క చూడటానికి వీల్లేదని మొదటిరోజే తేలిపోయింది.

"సరే, నువ్వు చూసొచ్చి నాకు చెప్పు" అంది బావతో.

బావ చూశాడు. కానీ చెప్పడం ఎక్కడ? బీరువా తలుపు వెనక దాక్కుని, నాలుక బయటపెట్టి, మంచం మీదికి దూకాడు. ఆ సాయంత్రం కింది వాటాలో ఉండే నర్సు ఆంటీ బీపీ చూసి, బావని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి చీవాట్లు పెట్టింది. ఆవిడ రోజూ డ్యూటీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అక్కని చూసిపోతుంది.

"ఈ పిల్లని పంపండి" అంది అత్తయ్య నన్ను చూపిస్తూ. "నోట్లోంచి మాట ఊడిపడేసరికి అరగంట పడుతుంది. ఇది ఎవర్ని భయపెడుతుంది?"

"ఏం సైలెంట్ మోడ్, చెప్తావా?" అన్నాడు బావ. నాకు ఆ పేరు పెట్టింది బావే. క్లాసులో పాఠం చదవమంటే గొంతు పూడుకుపోయే నేను ఏమనగలను? తలూపాను.

అలా ప్రతివారం హాల్లో తలుపులన్నీ వేసుకుని సీరియల్ చూడటం, తర్వాత అక్క గదిలోకి వెళ్ళి చెప్పడం నా పని అయింది. ఆ గదికి ఆకుపచ్చ కర్టెన్లు. మధ్యాహ్నం ఎండ వాటిలోంచి వడకట్టినట్టు వచ్చేది. అక్క ముఖం, దుప్పటి, నా చేతులు అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించేవి. ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఆ వెలుగు గోడ మీద ఊగేది. అక్కడ కూర్చుంటే నా గొంతు నాకే కొత్తగా ఉండేది. మాట తడబడకుండా వచ్చేది.

బావ చెడగొట్టినదాంతో కలిపి మొదటి రెండు భాగాలు ఉన్నదున్నట్టే చెప్పాను. మూడోదాంట్లో వంటాయన పోయాడు. లావుగా, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండే మనిషి. పిండి కలుపుతూ గిన్నె మీదే కునుకు తీశాడు. అంతే. అత్తయ్యకి ఒళ్ళు మండిపోయింది. సీరియల్ చూడనంటూనే చిక్కుళ్ళు ఒలుచుకుంటూ రెప్ప వాల్చకుండా చూసేది ఆవిడే.

"తడిగోడ కనబడితే తుడుచుకోవాలని ఒక్కడికైనా ఉందా? ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇంత సున్నం వేసుకోలేరూ!"

"అమ్మా, అది వేరే గ్రహం" అన్నాడు బావ.

"అయితే? అక్కడ గుడ్డముక్కలు దొరకవా?"

నేను అక్క దగ్గరికి వెళ్ళాను. వంటాయన కునుకు తీశాడనేదాకా చెప్పాను. అక్క చెయ్యి పొట్ట మీదికి పోయింది. వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి. "తర్వాత?" అంది.

"తర్వాత... గిన్నె జారి కిందపడింది. ఆ చప్పుడుకి లేచాడు" అన్నాను.

అక్క వేళ్ళు వదులయ్యాయి. "హమ్మయ్య" అని నవ్వింది.

అక్కణ్ణించి నాకు పని పెరిగింది. బతికించినవాడికి పని చూపించాలి కదా. టీవీలో లేని వంటాయన నా కథలో అందరికీ రొట్టెలు కాల్చాడు. తర్వాతి వారం పంపులు నడిపే అన్నదమ్ములు పోయారు. నా దగ్గర పోలేదు. పోకపోగా పెద్దవాడు గురక పెడతాడని చిన్నవాడు గొడవపడి గది మార్చుకున్నాడు. ఆ గొడవ విని అక్క పగలబడి నవ్వింది. హాల్లో జనం తగ్గిపోతుంటే పక్క గదిలో సందడి పెరిగిపోయింది. కొన్నాళ్ళకి నేను కళ్ళు మూసుకుంటే టీవీలోది కాదు, నాదే కనిపించేది. ఉప్పు గుట్టల మీద లేత నీలం వెలుగు. కిటికీ అవతల ఏడుగురు నడిచిపోతున్నట్టు, వాళ్ళ మాటలు నా చెవిలో పడీపడనట్టు.

ఆ రోజు ఆఖరి భాగం. పొద్దుటినుంచి సన్నగా వాన. అక్క రెండు రాత్రులుగా నిద్రపోలేదు. డ్యూటీకి వెళ్తూ నర్సు ఆంటీ బీపీ చూసి, చేతికి చుట్టిన పట్టీ విప్పకుండానే మళ్ళీ చూసింది.

"ఏమ్మా, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇవాళ పగలు డ్యూటీయే, నాలుగింటికి వచ్చేస్తాను. ఈలోపు నువ్వు నిద్రపోవాలి. అప్పటికి బీపీ దిగకపోతే ఆసుపత్రే. పెద్దడాక్టరుకి ఫోన్ చేశాను, ఇంకా నెలలు నిండలేదు కానీ ఆగేది లేదు, బిడ్డని బయటికి తీసేస్తామంటున్నారు."

ఆవిడ వెళ్ళాక బావ టీవీ తీగ పీకేశాడు.

"పెట్టు" అంది అక్క లోపలినుంచి. "అది ఏమైందో తెలియకపోతే నాకసలు కన్ను మూతపడదు."

శబ్దం బాగా తగ్గించి చూశాం. అప్పటికి టీవీలో ఒక్కతే మిగిలింది, వైర్‌లెస్ చూసే అమ్మాయి. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. బయటి గాలి పడక పెట్టుకునే హెల్మెట్లు అందరివీ తుడిచి, వరసగా కొక్కేలకు తగిలించింది. చివర తనది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. గోడమీద పాకుడు మెల్లగా కదిలింది. అయిపోయింది.

అత్తయ్య చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టి ముక్కు తుడుచుకుంది. "కన్నవాళ్ళు ఎలా ఉన్నారో" అంది. బావ మాత్రం తెర చూస్తూ తలాడించాడు.

"డైరెక్టరు అచ్చం అక్కడికే తెచ్చి కలిపాడు. పాత సినిమాలో మొదటి సీను ఇదే. వెతకడానికి వచ్చినవాళ్ళు తలుపు తెరిస్తే ఏడు హెల్మెట్లు, మనిషి లేడు. మీ అక్కకైతే ఆ సీను కంఠతా వచ్చు."

ఒక్కరూ మిగలరని అక్కకి మొదటివారమే తెలుసన్నమాట. తెలిసే నా రొట్టెలు, నా గురక గొడవ అన్నీ విన్నదన్నమాట. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని లోపలికి వెళ్ళను?

"ఏమే, ఎంతసేపు?" అంది అక్క.

వెళ్ళాను. వానకి గది ఇంకా పచ్చగా, చీకటిగా ఉంది. అక్క ఎడమవైపు ఒత్తిగిలి పడుకుంది. కళ్ళ కింద నల్లటి చారలు. గోడ గడియారం రెండు దాటింది.

"నీకు ముందే తెలుసంట కదా" అన్నాను.

"ఏం తెలుసు?"

"అందరూ పోతారని."

"ఆ, తెలుసు" అంది.

"మరి నేను అబద్ధాలు చెప్తుంటే ఎందుకూరుకున్నావు?"

"పిచ్చిదానా, నిజం కావాలంటే మీ బావనే దూకమనేదాన్నిగా." నవ్వబోయింది, రాలేదు. "పోయినసారి స్కాన్ తీసిన గదిలో, వాళ్ళెవరూ నోరు విప్పకముందే నాకు తెలిసిపోయింది. ఇప్పుడు కళ్ళు మూస్తే మళ్ళీ ఆ గదే. ముందే తెలిసిన కథలోకి నడిచిపోతున్నట్టు ఉంటుంది. నీ దగ్గర మాత్రం వంటాయన లేచాడు. లేస్తాడని నేను అనుకోలేదు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే కథ ఆగిపోతుంది.

"ఇవాళ వైర్‌లెస్ అమ్మాయి నిద్రపోయింది" అన్నాను.

అక్క వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి. "ఊఁ."

"అక్కా, ఒకటి చెప్పు. పాత సినిమాలో తలుపు తీస్తే హెల్మెట్లున్నాయి. మనుషులు కనిపించారా?"

"లేదు."

"చచ్చిపోయినట్టు ఎక్కడైనా చూపించారా? కనీసం ఒక కాలి చెప్పు?"

"లేదే. వాళ్ళే అంటారు, పాకుడు తినేసిందని."

"వాళ్ళెవరు అనడానికి? వాళ్ళు అప్పుడే కదా వచ్చింది. చూశారా ఏంటి?"

అక్క తల ఎత్తి నన్ను చూసింది. ఎన్నాళ్ళ నుంచో బావతో వాదిస్తున్న మనిషి. ఈ ముక్క ఇద్దరికీ తోచలేదని ముఖంలోనే తెలిసింది.

"ఆ అమ్మాయికి భయమేసింది. కానీ ఎన్నాళ్ళని మెలకువగా ఉంటుంది? కళ్ళు మూసుకుంది. పాకుడు దగ్గరికొచ్చింది. ఊపిరి వెంట లోపలికి వెళ్ళింది. వెళ్ళి..." ఆ తర్వాత ఏముందో నాకే తెలియదు. గోడ మీద ఊగే వెలుగు చూశాను. "వెళ్ళి, ఆ అమ్మాయి పడుకున్నంతసేపూ తను మెలకువగా ఉంది. కాపలాగా. అలాగే నిద్రపోయిన అందరికీ అది అక్కడి గాలి పీల్చడం నేర్పింది. అందుకే లేచాక హెల్మెట్లతో పనిలేకపోయింది. కొక్కేలకు వదిలేసి, తలుపు తీసుకుని, ఉప్పు మీద నడిచి వెళ్ళిపోయారు."

"మరి దాని తర్వాత వచ్చిన రెండో సినిమాలో..." అంది అక్క. మాట ముద్దగా వచ్చింది.

"అది నేను చూడలేదు."

"చూడకు" అంది. కళ్ళు మూసుకుంది.

నేను ఆపలేదు. ఆపితే లేస్తుందేమోనని గొంతు తగ్గించి చెప్తూ పోయాను. ముందు వంటాయన నడుస్తున్నాడు, కూనిరాగం తీస్తూ. అన్నదమ్ములు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. వైర్‌లెస్ అమ్మాయి అందరికన్నా వెనక. పాదాల కింద ఉప్పు వెచ్చగా ఉంది. ఆకాశం రంగు చెప్పాను. గాలి వాసన చెప్పాను. వాన శబ్దం తగ్గింది, మళ్ళీ పెరిగింది. అక్క చెయ్యి పొట్ట మీంచి జారి పరుపు మీద పడింది. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. ఒకసారి ఉలిక్కిపడబోయింది. "అందరూ ఉన్నారు, నడుస్తున్నారు" అన్నాను. మళ్ళీ ఊపిరి బరువెక్కింది.

నర్సు ఆంటీ ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. తడి గొడుగు గుమ్మం బయట పెట్టి పిల్లిలా వచ్చి, నిద్రపోతున్న అక్క చేతికే పట్టీ చుట్టింది. గుమ్మంలో బావ. బావ వెనక అత్తయ్య, బావ చొక్కా పట్టుకుని. నేను గుసగుసగా చెప్తూనే ఉన్నాను. పట్టీలోంచి గాలి బుస్సుమని పోయింది. నర్సు ఆంటీ బీపీ మీటరు ముల్లు చూసింది, బావ వైపు తిరిగి అరచెయ్యి కిందికి దింపి చూపించింది. దిగిందని. బావ ఉన్నచోటే గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు.

"చాల్లేమ్మా" అంది ఆంటీ నా చెవిలో. "ఎప్పుడో నిద్రపోయింది. ఇంకా ఎవరికి చెప్తున్నావు?"

అప్పుడే దుప్పటి కదిలింది. అక్క చెయ్యి లేని చోట, పక్కకి, చిన్న గుప్పిట లోపలినుంచి తోసినట్టు. ఆగింది. మళ్ళీ తోసింది. అక్క లేవలేదు.

"వీళ్ళకి" అన్నాను, దుప్పటి వైపు చూపించి. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. నర్సు ఆంటీ నవ్వు ఆపుకుంటూ నా భుజాలు పట్టి గుమ్మం దాటించింది. నేను వెనక్కి తిరిగి, వాళ్ళు ఒక కొండ దగ్గరికి వచ్చారని చెప్పబోతుంటే, వేలు పెదవుల మీద పెట్టుకుని నా ముఖం మీదే తలుపు వేసేసింది.