గట్టు తుడిచేది ఎవరు?

కూతురి కొత్త గౌను మెడ వెనక ఉన్న లేబులును ఆమె దారం పోగు కూడా మిగలకుండా విప్పుతోంది. పీలిక మిగిలిందంటే పిల్ల రోజంతా మెడ గోక్కుంటూనే ఉంటుంది. "దానికి లేనిపోని అలవాట్లు నేర్పేది నువ్వే" అని భర్త ఎన్నిసార్లన్నాడో. ఆమె బట్టల్లో కూడా ఒక్కదానికీ లేబులు లేదని ఇన్నేళ్ళలో ఆయన కంట పడనేలేదు.

పిల్లకు ఆరేళ్ళు. పిలిస్తే తిరిగి చూడదని, ఆటల్లో కలవదని, ఆటిజం ఉందేమో ఒకసారి చూపించమని బడిలో టీచరు చెప్పింది. "నువ్వు తీసుకెళ్ళు, ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా. మా వైపు ఇలాంటివి లేవని గట్టిగా చెప్పు" అన్నాడాయన. అత్తగారు వంతపాడింది. "అన్నీ తల్లి పోలికలే. నోట్లో నాలుక లేని పిల్ల అని చేసుకున్నాం. తీరా చూస్తే పొగరు." పొగరున్న మనిషి ఇంటిల్లిపాదికీ వండి వార్చి, అందరూ లేచాక మిగిలింది తింటుందా అని ఆవిడని అడిగినవాళ్ళు లేరు.

సైకాలజిస్టు గదికీ ఆమె కూర్చున్న గదికీ మధ్య అవతలివైపు కనిపించే పెద్ద అద్దం. ఒళ్ళో పిల్ల తీరు గురించి రాసివ్వాల్సిన పదకొండు పేజీల ఫారం. అవతల సైకాలజిస్టు పిల్లతోపాటు నేలమీద కూర్చుని సబ్బు బుడగలు ఊదింది. ఉన్నట్టుండి ఆపి, ఇంకా కావాలని పిల్ల తన మొహంలోకి చూసి అడుగుతుందేమోనని ఎదురుచూసింది. పిల్ల చూడలేదు. చివరి బుడగ నేలకు దిగేదాకా దానితోపాటు వంగింది.

'చూడవే తల్లీ, మొహంలోకి చూడు' అనుకుంది ఆమె. తనకూ చిన్నప్పుడు ఇదే మాట వీపుమీద దెబ్బతోపాటు చెప్పారు. అప్పటినుంచీ ఎవరు మాట్లాడినా కనుబొమల మధ్య చూస్తుంది, ఎవరూ కనిపెట్టలేదు. బుడగలు మళ్ళీ లేచాయి. గది నీళ్ళలో మునిగినట్టు మెత్తబడింది, చప్పుళ్ళు దూరమయ్యాయి. చూపు బుడగల మీద, చెయ్యి కాగితం మీద. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దాని పాటికది రాసుకుపోయింది. ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలికపడింది.

సైకాలజిస్టు బయటికొచ్చి ఫారం చదువుతూ ఎనిమిదో పేజీ దగ్గర ఆగింది.

"'చుట్టాలు వస్తే ఏం మాట్లాడాలో ముందురోజే అనుకుని చూసుకుంటుంది. వాళ్ళున్నంతసేపూ నవ్వుతుంది. వెళ్ళగానే వంటింటి గట్టు తుడుస్తూ ఏడుస్తుంది.' గట్టు తుడిచేది పాపేనా అండీ?"

ఆమెకు చెవులు వేడెక్కాయి. ఆ పేజీలో పిల్ల ఒక్క మాటలోనూ లేదు. పొరపాటు జరిగిందని, కొట్టేసి మళ్ళీ రాస్తానని కలం తీసింది. రాసిన చోటు తప్పు గానీ రాసినదాంట్లో అబద్ధం లేదు. కలం కదల్లేదు.

"పెద్దవాళ్ళకి కూడా చూస్తారా?" అని అడిగింది.

చూస్తామంది ఆవిడ. ఒక్క కాగితంతో తేలేది కాదనీ, రెండు మూడుసార్లు తీరిగ్గా మాట్లాడాలనీ, చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే మంచిదనీ చెప్పింది. అవునని తేలినా కాదని తేలినా, మీరు రాసినవి నిజం కాకుండా పోవంది. పాప ఫారం కోసం కొత్త కాగితం ఇచ్చింది. ఆ ఎనిమిదో పేజీని విడిగా ఇంకో ఫైల్లో పెట్టి, పేరు అడిగింది. ఆమె తన పేరు చెప్పింది.

మెట్ల దగ్గర ఫోన్ మోగింది. పిల్ల ఆమె చూపుడువేలు పట్టుకుని మెట్లు లెక్కపెడుతోంది.

"ఏమన్నారు?" అన్నాడు భర్త.

"ఇంకా తేల్లేదు. మంగళవారం మళ్ళీ రమ్మన్నారు."

"మళ్ళీనా? దాన్ని ఎన్నిసార్లు తిప్పుతావు?"

"దాన్ని కాదు. నన్ను."

ఆ మాట ఆమె ముందుగా అనుకుని చూసుకున్నది కాదు.