రెండు జ్యేష్ఠ మాసాలు

గ్రైండర్లో మినప్పప్పు వేస్తుండగా ఫోను మోగింది. "అమ్మాయ్ శ్రీసుధా, మా నాన్నగారి తద్దినం ఈ ఏడు ఎప్పుడొచ్చిందో చూడమ్మా" అన్నారు లొల్ల నుంచి శ్యాంబాబుగారు. చెయ్యి తుడుచుకుని, పంచాంగం తిప్పి తేదీ చెప్పి, అలవాటుగా "మామగారు చెప్పమన్నారండి" అని చేర్చాను. మామగారు వీరభద్రంగారు అప్పటికి ఎక్కడో గృహప్రవేశం చేయిస్తున్నారు. ఆత్రేయపురం చుట్టుపక్కల రెండు వందల పైచిలుకు కుటుంబాలకు ఆయన పురోహితులు. పదకొండేళ్ళుగా వాళ్ళ పెద్దల తిథులు చూసి చెబుతున్నది మాత్రం నేను. పోయినవాళ్ళు వచ్చి భోంచేస్తారన్న నమ్మకం నాకు లేదు. కానీ లెక్క నమ్మకాన్ని బట్టి మారదు. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో నన్ను అడిగినవాళ్ళూ లేరు.

ముప్పై మూడో ఏట రావులపాలెంలో ఒక చిన్న కాలేజీలో కంప్యూటర్ డిగ్రీకి చేరితే, బడిపంతులైన మా ఆయన మణిశంకర్ "పొద్దుపోవడానికి బాగుంటుందిలే" అన్నారు. నాకు పొద్దు ఎప్పుడు మిగిలిందో ఆయనే చెప్పాలి. పదిహేను కంప్యూటర్లకు నలభై మందిమి. "ఈ కాలేజీ పేరు చూసి ఎవరూ ఉద్యోగమివ్వరమ్మా. మీరు చేసింది చూసి ఇస్తే ఇస్తారు" అన్నారు ప్రసన్నకుమార్ మాస్టారు మొదటి రోజే. అయినా ఆఖరి ఏడు ప్రాజెక్టును చాలామంది హైదరాబాదు నుంచి తయారుగా తెప్పించుకున్నారు. ఒకే లైబ్రరీ ప్రోగ్రాము తొమ్మిది మంది పేర్లతో వచ్చింది. నేను తిథుల ప్రోగ్రాము రాశాను. మనిషి పోయిన తేదీ ఇస్తే, ఈ ఏడు ఆబ్దికం ఎప్పుడో చెబుతుంది.

అది సగంలో ఉండగానే మా ఆయన తెరమీద చూసి ముగ్గురికి తేదీలు పంపేశారు. ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వస్తుంది. ముందుది అధికం, తరువాతది నిజం. మామగారి పద్ధతిలో ఆబ్దికం నిజమాసంలోనే పెట్టాలి. నా ప్రోగ్రాము మొదటి జ్యేష్ఠం దగ్గరే ఆగిపోయి, జూన్ తద్దినాలను మేలో చూపించింది. పాత ఏళ్ళ తేదీలతో సరిచూస్తుంటే ఆ తప్పు నాకు దొరికింది. ముగ్గురికీ ఫోన్ చేసి, "మామగారు సరిచేసి చెప్పమన్నారండి" అన్నాను.

"చూశావా? ఆడవాళ్ళు తిథులు చెబితే ఇలాగే ఉంటుంది" అన్నారు మా ఆయన. వారం తిరక్కుండా, అది సరిగ్గా పనిచేస్తోందని తేలాక, మాట మారింది. "పైన నాన్నగారి పేరు, కింద నా పేరు వెయ్యి. నీ పేరుంటే ఎవరు నమ్ముతారు? పురోహితుల సభలో చూపిస్తానని చెప్పేశాను." ఆ గురువారమే రాజమండ్రి నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగాల ఇంటర్వ్యూలకు కాలేజీకి వస్తున్నారు. సొంతంగా చేసిన ప్రాజెక్టు ఉన్నవాళ్ళనే పిలుస్తామని ముందే రాశారు. పేరు వదులుకుంటే ఆ గదిలోకి నాకు పిలుపే ఉండదు. రెండు రోజులు ఆలోచించి, నా పేరు అలాగే ఉంచాను.

గురువారం ఆ కంపెనీ తరఫున వచ్చిన, నాకంటే పదేళ్ళు చిన్నదైన మంజుషగారు నా ప్రోగ్రామంతా చూసి, "ఇందులో పెద్ద తప్పేమైనా దొర్లిందాండీ?" అని అడిగింది. రెండు జ్యేష్ఠాల సంగతి చెప్పాను.

"ఎవరు పట్టుకున్నారు?"

మామగారన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనేనండి."

"ఎలా?"

అరగంట చెప్పాను. నా మాటకు ఎవరూ అడ్డురాకుండా అంతసేపు విన్న రోజు నాకు గుర్తులేదు. "మాకు కావలసింది తప్పులు వెతికేవాళ్ళేనండి. ఒకటో తారీఖు నుంచి రాగలరా?" అంది.

సాయంత్రం వడ్డిస్తూ ఇంట్లో చెప్పాను. మా ఆయన ముద్ద ఆపి, "అయితే నా పేరు వెయ్యలేదన్నమాట" అన్నారు.

"తప్పొచ్చినప్పుడు నాదే అన్నారు కదండీ. అందుకని నా పేరే ఉంచాను."

మామగారికి మజ్జిగ పొలమారింది. నవ్వో దగ్గో తెలియలేదు.

"రోజూ రాజమండ్రా? బొబ్బర్లంక మీదుగా గంటన్నర బస్సు. మరి ఇక్కడ ఫోన్లొస్తే తిథులు ఎవరు చెబుతారేంటి?" అన్నారు మా ఆయన.

"మీరే చెబుదురుగాని" అన్నాను. "ఆదివారం పొద్దున్న కూర్చోండి, నేర్పుతాను. మొదటి పాఠం అధికమాసం."