నత్త లెక్క

గడ్డం గీసుకుంటూనే అతను మంచం వైపు చెవి పెట్టాడు. భార్య రెండు దిండ్లకు ఆనుకుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

"నత్త పది అడుగుల బావిలో పడింది. పగలు మూడడుగులు ఎక్కుతుంది, రాత్రి రెండడుగులు జారుతుంది. అంతవరకు మీ పుస్తకంలో లెక్కే. పైనుంచి దాని పెళ్ళాం తొంగిచూసి..." ఆగింది. పెదాల చుట్టూ నీలం తేలింది. "'మధ్యాహ్నానికి వస్తానని వెళ్ళావు, ఇక్కడ మనవలకు పెళ్ళిళ్ళైపోయాయి' అంటుంది. మనవలకు అన్నాక ఆగండి. తొందరపడి పాడుచేస్తారు."

సబ్బు నురగ అంటిన చేత్తోనే ఆ మాటలు కాగితం మీద రాసుకున్నాడు. లెక్కల పాఠంలో పిల్లల్ని నవ్విస్తాడని ఇరవై రెండేళ్ళుగా అతనికి పేరు. బడిలో అందరూ నవ్వుల మాస్టారనే పిలుస్తారు. ఆ హాస్యంలో ఒక్క ముక్కా అతనిది కాదు. అది ఆ ఇద్దరికే తెలుసు.

"ఇవాళ మానెయ్యండి. రాత్రి నుంచి ఎలాగో ఉంది."

"అధికారులు నా క్లాసు చూడ్డానికే వస్తున్నారే. నవ్విస్తూ ఎలా చెప్పాలో అన్ని బళ్ళకూ చూపిస్తారట. మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చేస్తా. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"గంట మీద నాకు నమ్మకముంది. మీ మీదే లేదు."

అతను నవ్వి, చొక్కా తొడుక్కున్నాడు.

క్లాసులో నలభై మంది. వెనక బెంచీ మీద ముగ్గురు అధికారులు. మనవలకు అని అతను ఆగాడు. తర్వాతి మాటకు గది నవ్వులతో దద్దరిల్లింది. అంకె చూస్తేనే కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్ల నవ్వుతూనే బోర్డు దగ్గరికి వచ్చింది.

"ఎనిమిదో రోజు సార్! పైకి చేరాక ఇంక జారదుగా!"

అధికారులు చప్పట్లు కొట్టారు. అంతలో గంట మోగింది. అతను సంచి భుజాన వేసుకున్నాడు.

"మాస్టారూ, పక్క సెక్షన్‌లో ఇంకోసారి చెప్పండి. ఫొటోగ్రాఫరు ఇప్పుడే వచ్చాడు."

ఇల్లు పది నిమిషాల నడక. అతన్నెవరూ కట్టేయలేదు.

"దానికేం భాగ్యమండీ," అన్నాడు.

ఇంకోసారి చెప్పాడు. ఫొటోల కోసం మూడోసారీ చెప్పాడు. తర్వాత అధికారులతో కలిసి భోజనం.

"ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయండీ మీకు?"

"అవే వస్తాయండి. పుట్టుకతో అబ్బింది."

దానికీ నవ్వారు.

ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. పక్కింటి తలుపుకు తాళం వేలాడుతోంది. తన తలుపు పొద్దున తాను చేరవేసినట్టే ఉంది.

"ఏమేవ్, మూడుసార్లు చెప్పించారు!"

ఆమె సగం మంచం మీద, సగం కిందికి, గోడ వైపు తిరిగి ఉంది. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. కంటి కొసన చీమ పాకుతోంది. దాన్ని తీసేశాడు.

మంచం పక్కన, పక్కింటితో కలిసిన గోడకు వరసగా గుంటలు పడి ఉన్నాయి. దుప్పటి నిండా పెచ్చులు. నేల మీద ఆమె చేతికర్ర, కొనకు తెల్లగా సున్నం అంటుకుని.