ఆరని నుదురు

నాగాయలంక అవతల ఆ ఊళ్లో జ్ఞానస్నానం పొందిన క్యాథలిక్కుల నుదురు ఆరదు. పౌడరు నిలవదు, బొట్టు అసలే నిలవదు. అందుకే ఉపదేశి ఇస్సాకు భుజాన తువ్వాలు లేకుండా గుమ్మం దాటడు. పొద్దున్నే నుదురు తుడుచుకుని, గుడి ఊడ్చి, చాప పరిచి, జ్ఞానస్నానం కోరి వచ్చినవాళ్లకి జపాలు నేర్పుతాడు.

జ్ఞానస్నానాలు ఇచ్చేది పాస్కా పండక్కి, అంటే ఈస్టరుకి. ఆ చాప మీద సుబ్బరత్నమ్మ మూడు పాస్కా పండగల దాకా కూర్చుంది. రొయ్యలు వలిచి వచ్చేది పాపం, వేళ్లు నానిపోయి ఉండేవి. విశ్వాస సంగ్రహం జపం సగందాకా బాగానే అప్పజెప్పేది. ఇస్సాకు కళ్లద్దాల మీదుగా చూసేసరికి మిగతాది గొంతులోనే ఉండిపోయేది.

"మళ్లీ పాస్కాకి చూద్దాంలే," అనేవాడు. ఆయన దగ్గర నెగ్గడం మాటలు కాదని ఊరు అనుకోవాలి, అదీ ఆయన సరదా.

నాలుగో పాస్కా రాకముందే సుబ్బరత్నమ్మ గుండె ఆగి పోయింది.

భర్త శోభనాద్రి వచ్చి గుడి ముందు నిలబడ్డాడు. "నేను మా దేవుళ్లనే కొలుచుకుంటానండీ. ఆవిడ మాత్రం మీ సమాధుల దొడ్లో పడుకోవాలంది. కాస్త చోటివ్వండి."

"ఆవిడ మీద జ్ఞానస్నానం నీళ్లు పడలేదు కదయ్యా," అని, గుడివాడ వెళ్లిన ఫాదర్‌గారికి ఫోన్ చేశాడు ఇస్సాకు.

"నీళ్లు పడకుండానే పోతే ఆ కోరికే జ్ఞానస్నానమని మీరేగా పాఠం చెప్పేది?" అన్నారాయన.

చెప్పేది తనే. కానీ కోరిక చాలంటే, మరి మూడేళ్లు ఎందుకు ఆపావయ్యా అని ఊరు అడగదూ? "ఈవిడకి అంత కోరిక లేదండీ," అనేశాడు. ఫోన్ పెట్టేసి, శోభనాద్రి వైపు తిరిగి, "ఫాదర్‌గారు వద్దన్నారు," అన్నాడు.

శోభనాద్రి వెళ్లి పాడె కట్టించాడు. తమ పద్ధతిలో భార్యకి బొట్టు పెట్టాడు. కుంకుమ జారింది. తుడిచి మళ్లీ పెట్టాడు. ముక్కు మీదుగా కారిపోయింది. ఇస్సాకు భార్య భాగ్యమ్మ చూసి, "సమాధుల దొడ్లో గొయ్యి తియ్యండి," అంది. ఊళ్లోవాళ్లు పలుగులు తెచ్చుకున్నారు.

మట్టి పోశాక ఇస్సాకు అందరి ముందూ నోరు విప్పాడు. "ఫాదర్‌గారు వద్దనలేదు శోభనాద్రీ. నేనే."

"తెలుసండీ," అన్నాడు శోభనాద్రి.

సిగ్గుతో ఇస్సాకు ప్రాణం చచ్చిపోయింది. అలవాటుకొద్దీ నుదురు తుడుచుకున్నాడు. తువ్వాలు తడవలేదు.

ఆదివారం చాప ఆయనే పరిచాడు. పాఠం చెప్పే తన కుర్చీ భాగ్యమ్మకి వదిలి, సుబ్బరత్నమ్మ కూర్చునే చివర్న కూర్చున్నాడు. విశ్వాస సంగ్రహం సగందాకా అప్పజెప్పాడు, మిగతాది గొంతులోనే ఉండిపోయింది.

"పర్లేదు," అంది భాగ్యమ్మ. "నిదానంగా చెప్పండి. వింటాను."