మనిషి లేకుండా వచ్చిన నొప్పులు

ఆ క్లినిక్ తాళం ఎనిమిదింటికి తీస్తారు. తీసేది చీటీలమ్మ. ఆవిడ వచ్చేసరికే నొప్పులు వచ్చి గుమ్మం ముందు నిలబడి ఉంటాయి. తలుపు తీయగానే వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాయి. మనుషులు వచ్చేది పది దాటాకే. బస్సులో రుమాలు వేసి సీటు పట్టుకున్నట్టు, నొప్పిని ముందు పంపి, ఇంట్లో పనులు చక్కబెట్టుకుని వస్తారు. మోకాలినొప్పి కాలు చాపుకుంటుంది. దగ్గు గోడవైపు తిరిగి కూర్చుంటుంది, దానికి మర్యాద తెలుసు. కడుపునొప్పికి తెలియదు, ఇద్దరి చోటు ఆక్రమిస్తుంది.

ఒక నొప్పికి ఒక చీటీ. అదీ అక్కడి పద్ధతి. పద్ధతి మంచిదే. ముంచబోయిందీ అదే.

ఆ సోమవారం మూడు నొప్పులు వచ్చాయి గానీ వాటి తాలూకు మనిషి రాలేదు. ఒకటి ఎడమ కణత పట్టుకుని కిటికీ దగ్గర, ఒకటి దవడ పట్టుకుని గుమ్మం దగ్గర, మూడోది నెత్తిమీద గాలి కూడా సోకనివ్వకుండా మూలన. ఒంటిగంట దాకా చూసి, వాటంతట అవే లేచి వెళ్ళిపోయాయి. మంగళవారం మళ్ళీ వచ్చాయి. చీటీలమ్మ మూడు చీటీలు లోపలికి పంపింది.

"కణతది ఎండదెబ్బ. దవడది పళ్ళ డాక్టరు చూడాలి. నెత్తిది దువ్వెన గీసుకుని ఉంటుంది," అంది డాక్టరమ్మ, రాసుకుంటూనే. మూడు చీటీలకు మూడు జవాబులు.

గురువారం ఆ మూడూ ఒకేచోట ఒదిగి, చేతులు పట్టుకుని కూర్చున్నాయి. చీటీలమ్మకు మనసు మనసులో లేదు.

"అమ్మా, ఒక్కసారి బయటికొచ్చి చూడండి. ఇవి వేరే వేరే కాదు. ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి."

డాక్టరమ్మ వచ్చింది. దవడనొప్పికి గట్టి రొట్టెముక్క ఇచ్చింది. మొదటి నమలుడుకు ఏమీ కాలేదు. ఎనిమిదో నమలుడుకు దవడ పట్టేసి ఆగింది. కాసేపు ఊరుకుని మళ్ళీ నమిలింది.

"పన్నయితే మొదటి నమలుడుకే అరవాలి. ఇది నడిచి నడిచి అలిసిన కాలులా ఆగుతోంది. నెత్తురు చాలడంలేదు." ఆవిడ గొంతు తగ్గింది. కణతనొప్పి మీద వేలు పెట్టింది. లోపల నరం తాడులా గట్టిపడి ఉంది. "పెద్ద వయసు మనిషి అయి ఉండాలి."

అప్పుడే వీధిలోంచి నాలుగోది వచ్చింది. అరచేయంత ఉంటుంది. నల్లగా ఉంది, మొహం లేదు. మిగతావి జరిగి చోటిచ్చాయి. డాక్టరమ్మ గోడగడియారం చూసింది. నాలుగు నిమిషాలు కూర్చుని అది వెళ్ళిపోయింది. ఆవిడ చీటీలమ్మ వైపు తిరిగింది.

"ఎవరివి ఇవి?"

"వీటి వేళ్ళు చూడండి. ఇంత సన్నటి సూదిపోట్లు ఈ వీధిలో ఒక్కరికే. కాజాల తాతవి. ఆయన మన గుమ్మం తొక్కడు. ఎందుకో నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళ కిందట, డాక్టరమ్మ కొత్తగా వచ్చిన వారంలో, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఆయన వచ్చాడు. కాగితంలోంచి తల ఎత్తకుండా "వయసండీ" అందావిడ. ఆ రోజు నుంచీ బోర్డు కనపడకుండా వెనక సందులోంచి తిరిగి పోతాడు. గుండీలకు కాజాలు చేత్తో కుట్టే మనిషి. ఒక పోటు తప్పితే మొత్తం విప్పేస్తాడు. మాట కూడా అంతే, మరచిపోడు.

డాక్టరమ్మ మాత్రలు జేబులో వేసుకుంది. ఏడుగురు కూర్చుని ఉండగానే బయల్దేరింది. చీటీలమ్మ వెంట నడిచింది. నొప్పులూ నడిచాయి.

తాత దుకాణంలో బల్బు వంక గుర్రుగా చూస్తున్నాడు.

"తమరు ఇలా దయచేశారేం?"

"బల్బుకేమైంది తాతా?"

"వారంలో మూడు మార్చాను. కాసేపు ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. ఆ కొట్టువాడు దొంగ. పళ్ళవాడు ఇంకో దొంగ, బంగారంలాంటి పన్ను పీకాడు, నొప్పి అక్కడే ఉంది."

"బల్బు బాగానే ఉంది. ఆరేది మీ ఎడమకన్ను. కణతలో నెత్తురు గొట్టాలు వాచాయి. దవడకూ నెత్తికీ కంటికీ వెళ్ళే దారులవి. ఇప్పుడు చీకటి వచ్చి పోతోంది. ఒకరోజు వచ్చి ఉండిపోతుంది. తర్వాత రెండో కన్ను."

"పరీక్ష చేశారా?"

"నెత్తురు ఇప్పుడు తీస్తాను. రేపు తేలుతుంది. మాత్ర మాత్రం ఇప్పుడే వేసుకోవాలి."

"కొలతలు తీయకుండానే గుడ్డ కత్తిరిస్తారా ఎవరైనా?"

"నేను కత్తిరిస్తాను. చెడితే నన్ను తిట్టండి. ఆగి కన్ను పోతే ఎవర్ని తిట్టినా రాదు."

"వయసని పంపేశారుగా అప్పుడు."

"పంపాను. మీ మొహం కూడా చూడలేదు. తప్పు నాదే."

ఇంకా చాలా అందామనుకున్నాడు తాత. నాలుగేళ్ళుగా దాచుకున్నవి ఉన్నాయి. ఇంతలో ఆ నల్లది మళ్ళీ వచ్చింది. ఆయన మోకాలు ఎక్కి, భుజం ఎక్కి, ఎడమకంటి మీద కూర్చుంది. తాత కుడికన్ను మూశాడు. తెరిచాడు. మళ్ళీ మూశాడు. చేతిలో సూది జారి ఎక్కడో పడింది.

నాలుగు నిమిషాలయ్యాయి. అది లేవలేదు. ఆరయ్యాయి. చీటీలమ్మ వేళ్ళ మీద నిమిషాలు లెక్కపెడుతోంది. డాక్టరమ్మ మాత్రలున్న చెయ్యి చాచి అలాగే నిలబడింది. ఎనిమిదో నిమిషంలో తాత చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి ఆ చేతిని పట్టుకుంది.

"ఇవ్వండి."

మింగాడు. కాసేపటికి నల్లది దిగి, గుమ్మం దాటి పోయింది. మందుకు దిగిందో, దాని వేళకే దిగిందో ఎవరూ అనలేదు. అప్పటికప్పుడే నెత్తురు తీసి, తాతను బండెక్కించి కళ్ళ ఆసుపత్రికి పంపింది డాక్టరమ్మ. మర్నాడు ఫలితం వచ్చింది. అనుమానం నిజమే. అక్కడివాళ్ళు ఒకటే మాట అన్నారట, ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమని.

నాలుగో రోజు తాత తిరిగివచ్చి దుకాణం తీశాడు. డాక్టరమ్మ దుకాణానికే వెళ్ళింది.

"కుడికన్ను మూసుకోండి. ఏం కనిపిస్తోందో చెప్పండి."

తాత అరచేత్తో కుడికన్ను మూశాడు. చాలాసేపు చూశాడు.

"తమరి కోటు రెండో గుండీ కాజా మిషనుది," అన్నాడు. "కింద అంచున దారం లేచింది. విప్పి ఇటివ్వండి, కూర్చోండి."