సారె ముట్టని కుండ

మా మరిది అంతయ్య కుమ్మరి సారె ముందు కూర్చుంటే బ్రహ్మదేవుడికి తమ్ముణ్ణనుకుంటాడు. తిప్పేవి మాత్రం జానెడు కుండలు. ఆడది సారె ముట్టరాదన్నది మా కుమ్మరోళ్ల కట్టుబాటు. నేనూ ఎన్నడూ ముట్టలేదు. మట్టి తవ్వాను, తొక్కాను, తాళ్లలా పేని ఒకదాని మీద ఒకటి చుట్టి చేత్తోనే నడుమెత్తు నీళ్ల గోలేలు లేపాను.

నా మొగుడు పోయిన ఏడాదికి అంతయ్య నోరు విప్పాడు. కుండలు కాల్చే ఆవంలో నాకు పాలూ వాటా లేదట, నావి కాల్చుకోనివ్వడట. కాలని కుండ మట్టిముద్దే కదా, ఎవరు కొంటారు? ఇక బతకాలంటే వాడింట్లో పాచిపని చేయాలి. వాడి ఎత్తు అదే.

పందొమ్మిది వందల అరవై ఎండాకాలం, చొప్పదండిలో మా వాకిట్లోనే కులపంచాయితీ కూర్చుంది. పెద్దమనిషి హనుమండ్లు, వెంట నలుగురు ముసలాళ్లు. వచ్చిన దగ్గర్నుంచి వాకిట్లో గోలెంలోంచి చెంబులు ముంచుకొని తాగడమే వాళ్ల పని. వీళ్లను నమ్ముకోవడం కుక్క తోక పట్టుకొని గోదారి ఈదడమే.

"సారె మీద చెయ్యనిది కుండే గాదు. కుండ చెయ్యనోళ్లకు ఆవంల పాలెందుకు?" అన్నాడు అంతయ్య.

హనుమండ్లు తలూపాడు. ఆ తల ఎవరు మాట్లాడినా ఊగుతుంది.

బడిపంతులు రామచంద్రం సారు నా మీద జాలిపడి ఓ పుస్తకం పట్టుకొచ్చాడు. అందులో జపాను దేశపు కుండ బొమ్మ ఉంది.

"గిది వేల ఏండ్ల కిందటిది. అప్పుడు వాళ్లకు సారె లేదు. మట్టి చుట్టి చుట్టి చేత్తోనే చేసిండ్రు. పచ్చి మీద తాడు అద్దిండ్రు. వంట గూడ అండ్లనే," అన్నాడు.

హనుమండ్లు బొమ్మను తలకిందులుగా పట్టుకొని చూశాడు. "పలిగిందని తాడు గట్టినట్టున్నరు సారూ. పలిగిన కుండకు పుస్తకమా?"

ముసలాళ్లు బోసినోళ్లతో నవ్వారు. సారు ఇంకా చరిత్ర చెప్పబోయాడు. చదువుకున్నవాళ్లతో ఇదే చావు, చెవిటివాడి ముందు శంఖం ఊదుతారు.

నాకు మాత్రం ఆ కుండ పరాయిదనిపించలేదు. పచ్చి గోలెం పొట్ట జారకుండా నేనూ తాడు చుడతాను. ఆరినా, కాలినా ఆ గుర్తు పోదు. అక్కడెక్కడో నాలాంటి ఆడదే ఎవరో చేసి ఉంటుందనుకుంటే కడుపు నిండినట్టయింది.

ఇంతలో హనుమండ్లు గొంతెండి మళ్లీ గోలెం దగ్గరికి లేచాడు.

"పెద్దయ్యా, సారె మీద చెయ్యనిది కుండే గాదా?" అనడిగాను.

"గాదు బిడ్డా. గది కట్టుబాటు."

"మరి గీ గోలెం ఏ సారె మీద తిప్పిండ్రు?"

ఆయన వంగి చూశాడు. గోలెం నడుం చుట్టూ నా తాడు గుర్తులు ఉన్నాయి. ముంచబోయిన చెంబు వెనక్కి తీసుకున్నాడు.

"కుండ గాని దాంట్ల నీళ్లు తాగితే మీ కట్టుబాటు చెడుతది," అని రెండు చేతులతో అంచు పట్టి గోలెం వంచేశాను. నీళ్లన్నీ పారి అంతయ్య సారె కిందికి చేరాయి.

చేదబావి ఊరవతల ఉంది. ఎండ నడినెత్తిన ఉంది. ముసలాళ్లు ఖాళీ చెంబుల్లోకి చూసుకున్నారు.

"పోశవ్వకు ఆవంల సగం పాలు," అన్నాడు హనుమండ్లు నాకేసి చూసి. "ముందుగాల జర నీళ్లు తేపో బిడ్డా."

తెచ్చాను. అంతయ్య సారె మీద చేసిన జానెడు కుండలోనే తెచ్చాను. పెద్దమనుషులు ఐదుగురికి పోసేసరికే అడుగంటింది. చెంబు పట్టుకొని ఆఖర్న నిలబడ్డ అంతయ్యకు చుక్క రాలేదు.